ఘనస్థితి డ్రైవు: ఎంపిక, అమరిక, సంరక్షణ

వేసవి సెలవుల తరువాత జూన్ నెలలో పాఠశాల తెరవగానే మొట్టమొదట పని పడేది కార్యాలయపు గదిలోని కంప్యూటరుకే. కొత్తగా చేరే పిల్లల వివరాలు, బదిలీ పత్రాలు, పదవ తరగతి మార్కుల జాబితాలు అన్నీ దానిలోనే ఉంటాయి. అది ఎనిమిది పదేళ్ల నాటిదైతే, మీట నొక్కిన పిమ్మట తెర సిద్ధం కావడానికి కొన్ని నిమిషాలు పట్టడం మామూలే. యంత్రం ముసలిదై పోయిందనీ, కొత్తది కొనక తప్పదనీ అందరూ అనుకుంటారు. అయితే చాలా సందర్భాలలో ఈ జాప్యానికి కారణం కంప్యూటరు మెదడు కాదు. సమాచారాన్ని దాచే హార్డ్ డిస్కు. దాని స్థానంలో ఘనస్థితి డ్రైవును, అంటే అంగడిలో ఎస్.ఎస్.డి. అని పిలిచే సాధనాన్ని అమర్చితే పాత యంత్రమే ఎంతో చురుకుగా పనిచేస్తుంది.

కాని చూడకుండా కొన్న డ్రైవు యంత్రంలో ఇమడకపోవచ్చు. ఇమిడిన డ్రైవును అతిగా నమ్మితే ఏళ్ల తరబడి కూర్చిన రికార్డులు ఒక్క రోజున మాయం కావచ్చు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఈ రెండవ ప్రమాదాన్ని మరింత శ్రద్ధగా గమనించాలి. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. ఘనస్థితి డ్రైవు వేగాన్ని ప్రసాదిస్తుంది; శాశ్వతత్వాన్ని మాత్రం ప్రసాదించదు. ఎందుకో తెలియాలంటే అది పనిచేసే తీరు తెలియాలి.

తిరిగే పళ్లెంలో జాప్యం

1956లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఒకే ఇరుసుపై తిరుగుతూ 50 లక్షల అక్షరాలను దాచుకునేవి. నేటి హార్డ్ డిస్కు అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా సూత్రం అదే. అయస్కాంత పదార్థం పూసిన పళ్లెం తిరుగుతూ ఉంటుంది. ఒక చిన్న చేయి కొసన ఉన్న శీర్షం కావలసిన వలయం మీదికి జరిగి, కావలసిన భాగం తన కిందికి వచ్చేదాకా ఎదురుచూసి, అప్పుడు చదువుతుంది.

ఈ ఎదురుచూపును లెక్క కట్టడం సులభం. పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకండుకు 120 సార్లు తిరుగుతుందనుకుందాం. ఒక భ్రమణానికి 8.33 మిల్లీసెకండ్లు పడుతుంది. కావలసిన భాగం ఒక్కొక్కసారి వెంటనే ఎదురుపడుతుంది, ఒక్కొక్కసారి పూర్తి చుట్టు తిరగవలసి వస్తుంది. కాబట్టి సగటున సగం భ్రమణం, సుమారు 4.2 మిల్లీసెకండ్లు ఆగాలి. చేయి వలయం నుండి వలయానికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకండ్లు. మొత్తం 13 మిల్లీసెకండ్లు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకండుకు 77 కంటె ఎక్కువ సార్లు అందుకోవడం కష్టం.

కంప్యూటరు మేల్కొనేటప్పుడు చదివేవి ఇటువంటి చిన్న చిన్న ఫైళ్లే. 8,000 సార్లు చదవాలంటే హార్డ్ డిస్కుకు 104 సెకండ్లు పడుతుంది. ఘనస్థితి డ్రైవులో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒక్కొక్క పర్యాయానికి సుమారు 0.1 మిల్లీసెకండు చాలు. అదే పని ఒక సెకండు లోపున ముగుస్తుంది. నిజమైన యంత్రంలో ఇతర పనులు కూడా ఉంటాయి కనుక తేడా ఇంత ఉండదు. కాని కంటికి స్పష్టంగా కనిపించేంత ఉంటుంది.

ఎలక్ట్రానులకు చెరసాల

ఘనస్థితి డ్రైవులో సమాచారం దాగే చోటు ఒక ప్రత్యేకమైన ట్రాన్సిస్టరు. దానిలో చుట్టూ విద్యుద్బంధక పొరలు గల ఒక చిన్న అర ఉంటుంది. అందులోకి ఎలక్ట్రానులు ప్రవేశిస్తే బయటికి దారి లేదు. విద్యుత్తు ఆపివేసినా అవి అక్కడే ఉంటాయి. ఇటువంటి నిర్మాణాన్ని 1967లో బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

దారి లేని అరలోకి ఎలక్ట్రాను ఎట్లా పోతుంది? బంధక పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. దానికి ఇరువైపులా సుమారు 20 వోల్టుల పీడనాన్ని ప్రయోగిస్తే ఎలక్ట్రానులు పొరను సొరంగం తవ్వినట్లు దాటిపోతాయి. క్వాంటం సిద్ధాంతం చెప్పే వింతలలో ఇది ఒకటి. ప్రబల విద్యుత్ క్షేత్రంలో ఎలక్ట్రానులు ఇట్లా తప్పించుకుపోయే తీరును 1928లోనే ఫౌలర్, నార్డ్‌హైమ్ వివరించారు. అరలో ఎలక్ట్రానులు ఉంటే 0 అనీ, లేకపోతే 1 అనీ చదువుతారు.

తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా ఇటువంటి అరలను గుంపుగా ఒకేసారి చెరిపే పద్ధతిని కనిపెట్టి 1984లో ప్రకటించారు. చెరపడం కెమెరా ఫ్లాషులా క్షణంలో జరిగిపోతుంది కనుక దీనికి ఫ్లాష్ అనే పేరు వచ్చింది. నేటి డ్రైవులలో వాడే నాండ్ రకాన్ని 1987లో వెల్లడించారు. 1991లో సన్‌డిస్క్ సంస్థ తయారు చేసిన తొలి ఫ్లాష్ డ్రైవు 20 మెగాబైట్లది. వెల సుమారు వెయ్యి డాలర్లు. నేడు సెల్‌ఫోనుతో తీసిన నాలుగైదు ఫోటోలకు కూడా ఆ చోటు చాలకపోవచ్చు.

ఒక అరలో ఒకే బిట్టును దాచాలంటే ఉన్నదా, లేదా అనే రెండు స్థాయిలు చాలు. మూడు బిట్లు దాచాలంటే 8 స్థాయిలు, నాలుగు బిట్లకు 16 స్థాయిలు కావాలి. గాజు గ్లాసుపై రెండే గీతలు ఉంటే నీరు కొంత ఆవిరైనా ఏ గీత వద్ద ఉండేదో చెప్పవచ్చు. పదహారు గీతలు ఉంటే కొద్దిపాటి నీరు తగ్గినా లెక్క తప్పుతుంది. మూడు బిట్ల రకాన్ని టి.ఎల్.సి. అనీ, నాలుగు బిట్ల రకాన్ని క్యూ.ఎల్.సి. అనీ అంటారు. రెండవది చవక, కాని రాసే వేగం, మన్నిక తక్కువ.

పలక తుడవడంలో చిక్కు

ఫ్లాష్ జ్ఞాపకానికి ఒక విచిత్రమైన నియమం ఉంది. రాయడం పేజీల లెక్కన జరుగుతుంది. ఒక పేజీ కొన్ని కిలోబైట్లు. చెరపడం మాత్రం వందలాది పేజీలు కలిసిన బ్లాకు లెక్కన జరుగుతుంది. పలక మీద ఒక్క పంక్తిని మార్చాలన్నా పలక అంతా తుడవవలసి వచ్చినట్లన్న మాట. అందువల్ల డ్రైవులోని నియంత్రక చిప్పు మారిన పంక్తిని మరొక ఖాళీ పలక మీద రాసి, పాత పంక్తి చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. చెల్లని పంక్తులు ఎక్కువైన పలకను తీరిక వేళ తుడుస్తుంది.

తుడిచిన ప్రతిసారీ బంధక పొర కొంచెం అరుగుతుంది. కొన్ని వందల నుండి కొన్ని వేల పర్యాయాల తరువాత ఆ బ్లాకు పనికిరాదు. ఒకే బ్లాకు మీద భారం పడకుండా నియంత్రకం అన్నింటికీ వంతులు వేస్తుంది. కాలువ కింద నీరు చాలని ఏడాది అన్ని పొలాలకూ వంతులవారీగా నీరు వదలడం సాగర్ ఆయకట్టు రైతులకు తెలిసిన విషయమే. ఇక్కడ పంచేది నీరు కాదు, అరుగుదల.

వినియోగదారుడు ఒక ఫైలును తీసివేస్తే, దాని పేజీలు ఇక అక్కరలేదని ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవుకు చెప్పాలి. ఆ ఆదేశానికి ట్రిమ్ అని పేరు. అది లేకపోతే డ్రైవు చెత్తను కూడా భద్రంగా మోస్తూ నెమ్మదిస్తుంది. అయితే దీనిలో ఒక కఠినమైన ఫలితం ఉంది. హార్డ్ డిస్కులో పొరపాటున తీసివేసిన ఫైలును ఒక్కొక్కప్పుడు తిరిగి రాబట్టవచ్చు. ట్రిమ్ జరిగిన ఘనస్థితి డ్రైవులో సాధారణంగా ఆ ఆశ ఉండదు.

ఎంపిక చేసే విధం

మొదట చూడవలసినది వెల కాదు, ఆకారం. పాత కంప్యూటర్లకు సాధారణంగా సరిపడేది 2.5 అంగుళాల సాటా రకం. హార్డ్ డిస్కుకు ఉన్న డేటా కేబులూ, విద్యుత్ కేబులూ దీనికి యథాతథంగా సరిపోతాయి. దీని వేగం సెకండుకు సుమారు 550 మెగాబైట్ల వద్ద ఆగుతుంది. మదర్‌బోర్డు మరీ పాతదై సాటా రెండవ తరానికి చెందినదైతే ఆ వేగంలో సగమే అందుతుంది. అయినా ఎదురుచూపు పోవడమే అసలు లాభం కనుక నిరాశపడనక్కరలేదు.

రెండవ ఆకారం ఎం.2. ఇది 22 మిల్లీమీటర్ల వెడల్పు, సాధారణంగా 80 మిల్లీమీటర్ల పొడవు గల సన్నని పట్టీ. ఇక్కడే కొనుగోలుదారు పొరబడేది. చూడడానికి ఒకటిగా ఉన్నా దీనిలో సాటా భాష మాట్లాడేవి కొన్ని, ఎన్.వి.ఎం.ఇ. భాష మాట్లాడేవి కొన్ని. రెండవవి సెకండుకు మూడు వేల మెగాబైట్లకు మించి చదవగలవు. కాని సాటాకు మాత్రమే ఏర్పాటైన గాడిలో ఎన్.వి.ఎం.ఇ. డ్రైవు పనిచేయదు. నరసరావుపేటలోనో పిడుగురాళ్లలోనో అంగడికి వెళ్లే ముందు మదర్‌బోర్డు పేరు, నమూనా సంఖ్య కాగితం మీద రాసుకొని, దాని వివరణ పుస్తకంలో ఏ గాడి ఉన్నదో చూసుకోవడం మేలు.

పరిమాణం విషయంలో పాఠశాల కార్యాలయానికి 256 లేదా 500 గిగాబైట్లు సాధారణంగా సరిపోతాయి. 500 గిగాబైట్ల డ్రైవును కంప్యూటరు 465 అని చూపిస్తే మోసమని భావించనక్కరలేదు. తయారీదారు గిగాబైటును వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ 1,024ను మూడుసార్లు గుణించగా వచ్చే 107,37,41,824 బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తుంది. 500 కోట్ల వందలను ఈ సంఖ్యతో భాగించి చూస్తే విద్యార్థులకే తేడా తెలుస్తుంది.

తరువాత మన్నిక. డ్రైవు వివరాల పట్టికలో ఎంత సమాచారం రాసేదాకా హామీ ఉన్నదో టెరాబైట్లలో ఇస్తారు. 500 గిగాబైట్ల మంచి టి.ఎల్.సి. డ్రైవుకు 300 టెరాబైట్లు అని ఉండడం కద్దు. రోజుకు 20 గిగాబైట్లు రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లు, అంటే 41 ఏళ్లు. కాబట్టి కార్యాలయపు వాడకంలో అరుగుదలకు భయపడనక్కరలేదు. టి.ఎల్.సి. రకమై, ఐదేళ్ల హామీ ఉన్నది దొరికితే చాలు.

నమ్మశక్యం కానంత తక్కువ వెలకు రెండు టెరాబైట్లు ఇస్తామంటే జాగ్రత్త పడాలి. లోపల చిన్న చిప్పు పెట్టి, పెద్ద పరిమాణం చూపేటట్లు నియంత్రకాన్ని మార్చిన నకిలీలు ఉన్నాయి. అవి రాసినట్లే నటించి పాత సమాచారం మీదనే కొత్తది రాస్తాయి. కొన్న వెంటనే డ్రైవు నిండా రాసి తిరిగి చదివే పరీక్ష చేయాలి. లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత సాధనం ఇందుకు పనికి వస్తుంది.

కొనే ముందు మరొక మాట. యంత్రంలో రెండు గిగాబైట్ల ర్యామ్ మాత్రమే ఉంటే డ్రైవుతో పాటు ర్యామ్ కూడా పెంచాలి. విండోస్ 10కు ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన భద్రతా చిప్పు, ప్రాసెసరు పాత యంత్రాలలో ఉండకపోవచ్చు. ఘనస్థితి డ్రైవు ఆ లోటును తీర్చలేదు. అటువంటి యంత్రానికి లినక్స్ తగిన మార్గం. మన దేశపు సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉన్నది.

అమర్చే విధం

పనికి పూర్వం పాత డిస్కులోని ముఖ్యమైన ఫైళ్లను వేరొక చోటికి నకలు చేయాలి. ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో మరొక కంప్యూటరులో చూడాలి. ఈ మెట్టును దాటవేయరాదు.

తరువాత కంప్యూటరును ఆపి విద్యుత్ తీగను ఊడదీయాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీని కూడా వేరు చేయాలి. శరీరంపై చేరిన స్థిర విద్యుత్తు చిప్పులకు హాని చేస్తుంది. అందుకని పెట్టె లోహభాగాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టాలి. పొడి గాలి వీచే రోజులలో ఇది మరీ అవసరం. సున్నపురాయి దుమ్ము ఎక్కువగా ఉండే పిడుగురాళ్ల, మాచెర్ల ప్రాంతాలలో మూత తీసినప్పుడే ఫ్యాను రెక్కల మీది దుమ్మును కూడా తుడవడం మంచిది. ఎం.2 పట్టీని గాడిలోకి కొంచెం ఏటవాలుగా నెట్టి, మెల్లగా కిందికి వంచి, చిన్న స్క్రూతో బిగించాలి. బలం ఉపయోగించవలసి వస్తే ఏదో పొరపాటు జరిగినట్లే.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించే ముందు బయోస్‌లో సాటా పద్ధతి ఎ.హెచ్.సి.ఐ. అని ఉన్నదో లేదో చూడాలి. పాత యంత్రాలలో ఐ.డి.ఇ. అని ఉంటే మార్చాలి. ఎక్కించిన తరువాత మార్చితే విండోస్ మేల్కొనకపోవచ్చు.

పాత డిస్కును ఉన్నదున్నట్లు కొత్త డ్రైవుకు దించవచ్చు. లేదా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించవచ్చు. యంత్రం మరీ పాతదైతే రెండవదే మేలు. దీనికి ఒక గణిత కారణం ఉన్నది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో డిస్కు విభాగాన్ని 63వ సెక్టారు వద్ద మొదలుపెట్టేవారు. సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది 32,256వ బైటు. ఈ సంఖ్య 4,096తో శేషం లేకుండా భాగించబడదు. ఫలితంగా ఒక్క పేజీలో ఇమడవలసిన సమాచారం రెండు పేజీల అంచుల మీద పడి, రాత రెట్టింపవుతుంది. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టములు 10,48,576వ బైటు వద్ద మొదలుపెడతాయి. అది 4,096కు సరిగ్గా 256 రెట్లు. పాత విభాగాన్ని యథాతథంగా దించితే పాత దోషం కూడా దిగుతుంది.

అమరిక ముగిసిన పిమ్మట ట్రిమ్ పనిచేస్తున్నదో లేదో చూడాలి. విండోస్‌లో డ్రైవులను ఆప్టిమైజ్ చేసే కిటికీ తెరిస్తే అది ఘనస్థితి డ్రైవుగా కనబడాలి. హార్డ్ డిస్కుకు చేసినట్లు డీఫ్రాగ్ చేయనక్కరలేదు. శీర్షమే లేనప్పుడు దాని నడకను తగ్గించే ప్రసక్తి లేదు. డ్రైవులో ఆరవ వంతు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచితే నియంత్రకానికి వంతులు వేయడం సులభమవుతుంది. కరెంటు ఆకస్మికంగా పోయినప్పుడు సగం రాసిన సమాచారం చెడిపోవచ్చు కనుక యు.పి.ఎస్. తప్పనిసరి.

ఎండ, కాలం, నమ్మకం

మాచెర్లకు సమీపంలోని నాగార్జునకొండ లోయలో 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి తెలియజేశారు. అనంతరం జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. అక్కడి బ్రాహ్మీ లిపి శాసనాలను సుమారు 1,700 ఏళ్ల తరువాత కూడా చదవగలిగారు. ఆ శతాబ్దాలన్నింటా వాటిని కాపాడడానికి ఎవరూ ఏ శక్తినీ ఖర్చు చేయలేదు. రాతిలో అక్షరం ఒక గాడి; గాడి ఎక్కడికీ పోదు.

ఫ్లాష్ అరలో అక్షరం కొన్ని ఎలక్ట్రానుల గుంపు మాత్రమే. బంధక పొర ఎంత మంచిదైనా అవి మెల్లమెల్లగా జారిపోతూనే ఉంటాయి. వేడిమి పెరిగితే మరింత త్వరగా జారిపోతాయి. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ నిర్ణయించిన నియమం ప్రకారం, సాధారణ వినియోగపు డ్రైవు తన హామీ మేరకు పూర్తిగా అరిగిన తరువాత కూడా, విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఏడాది సమాచారాన్ని నిలపాలి. నిల్వ ఉన్న చోట ఉష్ణోగ్రత ప్రతి 5 డిగ్రీలు పెరిగితే ఈ గడువు దాదాపు సగమవుతుంది. 35 డిగ్రీల వద్ద ఆరు నెలలు, 40 డిగ్రీల వద్ద మూడు నెలలు అన్న మాట.

దీనిని చూసి బెదరనక్కరలేదు. ఇది పూర్తిగా అరిగిన డ్రైవుకు వర్తించే లెక్క. కొత్త డ్రైవు ఇంతకంటె చాలా కాలం నిలుపుతుంది. వేసవి సెలవులలో ఆరేడు వారాలు మూతపడిన గదిలో ఉన్నంత మాత్రాన మంచి డ్రైవుకు ప్రమాదం లేదు. ప్రమాదమంతా మరొక అలవాటులో ఉంది. బాగా వాడి అరిగిన ఎస్.ఎస్.డి.లోనో, చవక పెన్‌డ్రైవులోనో పాత రికార్డులను నింపి, రేకుల కప్పు కింద ఇనుప బీరువాలో పెట్టి మూడు నాలుగేళ్లు మరచిపోవడం. మే నెలలో రెంటచింతల, గురజాల ప్రాంతాల ఎండకు అటువంటి గది ఎంత కాగుతుందో చెప్పనక్కరలేదు. బీరువాలో భద్రంగా ఉన్నదనుకున్న సమాచారం అక్కడే కరిగిపోతుంది.

ఇంకొక భేదం కూడా ఉన్నది. హార్డ్ డిస్కు చెడిపోయే ముందు తరచు టిక్కుటిక్కుమని శబ్దం చేసి హెచ్చరిస్తుంది. ఘనస్థితి డ్రైవు నియంత్రకం చెడితే నిన్నటిదాకా పనిచేసినది నేడు అసలు కనబడకుండా పోవచ్చు. దాని ఆరోగ్యాన్ని తెలిపే స్మార్ట్ అంకెలను నెలకొకసారి చూడడం మంచిదే; కాని అవి బాగున్నంత మాత్రాన నిశ్చింత కూడదు.

కనుక ముఖ్యమైన రికార్డులకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి వేరే చోట ఉండాలి. ఇందుకు కొత్త ఖర్చు అంతగా అక్కరలేదు. తీసివేసిన పాత హార్డ్ డిస్కు ఆరోగ్యంగా ఉంటే, చిన్న యు.ఎస్.బి. పెట్టెలో బిగించి రెండవ ప్రతికి వాడవచ్చు. అయస్కాంత ముద్రకు ఈ ఎలక్ట్రానుల జారుడు బెడద లేదు. వేగానికి కొత్తది, నిల్వకు పాతది తోడవుతాయి. ఆర్నెల్లకొకసారి ప్రతులన్నింటినీ తెరిచి సరిచూసి, కొత్తవి రాయాలి. సెలవులకు ముందు ఏప్రిల్‌లో ఒకసారి, దసరా సెలవుల వేళ మరొకసారి అని నియమం పెట్టుకుంటే మరపు ఉండదు.

తరగతిలో చేయదగిన పరిశీలన

డ్రైవును మార్చే సందర్భం విద్యార్థులకు మంచి పాఠం కాగలదు. మార్చక ముందు, మీట నొక్కినప్పటి నుండి తెర సిద్ధమయ్యేదాకా పట్టే కాలాన్ని ఐదుసార్లు కొలిచి సగటు కట్టించాలి. మార్చిన తరువాత అదే విధంగా కొలవాలి. పిమ్మట 500 మెగాబైట్ల ఒకే ఫైలును, అంతే పరిమాణం గల వేయి చిన్న ఫైళ్లను విడివిడిగా నకలు చేయించి రెండు డ్రైవుల కాలాలను పట్టికలో రాయించాలి. పెద్ద ఫైలు విషయంలో తేడా కొన్ని రెట్లుగానూ, చిన్న ఫైళ్ల విషయంలో ఇంకా ఎక్కువగానూ కనబడవచ్చు. కారణమేమిటని అడిగితే, తిరిగే పళ్లెపు ఎదురుచూపును వారే లెక్క కట్టి చెప్పగలుగుతారు.